అంగిట్లో ఆక్రమణ

సీతాలంక పురపాలక సంఘం పరిధిలో అరవై దాటినవాళ్లు నవ్వితే చిగుళ్లే కనిపిస్తున్నాయని పైస్థాయి సమావేశంలో ఎవరో పెద్దాయన బాధపడ్డారట. ఆ బాధలోంచి 'బోసినవ్వుల నిర్మూలన పథకం' పుట్టింది. పళ్లు లేని పెద్దవాళ్లందరికీ ఉచితంగా కట్టుడు పళ్లు. మా ఊరి కల్యాణ మండపంలో శిబిరం పెట్టారు. ముసలివాళ్లను వరసగా కూర్చోబెట్టి కొలతలు తీశారు. కొన్నాళ్లకే పళ్ల సెట్లు తెచ్చి పంచారు. పథకం మంచిదే. అందులో వంక పెట్టడానికేమీ లేదు. అందుకే కాబోలు, వంక వెతకడానికి ఒక తనిఖీ బృందం వచ్చింది.

బృందం ఇల్లిల్లూ తిరిగింది. ఒకరి పళ్లు దేవుడి గూట్లో, కుంకుమబొట్టుతో దొరికాయి. ఒకరివి బియ్యం డబ్బాలో ఉన్నాయి. ఒకాయనవి అసలు ఊళ్లోనే లేవు. పెళ్లి ఫొటోల్లో బాగుంటుందని వియ్యంకుడు పట్టుకెళ్లాడట. మెరకవీధి ముసలమ్మ ఒకావిడ, "పండగలకీ పబ్బాలకీ పెట్టుకుంటానండి. రోజూ వాడితే అరిగిపోవూ?" అంది. బృందం ఇదంతా రాసుకుని, 'ప్రభుత్వ దంతములు నిరుపయోగముగా పడి ఉన్నవి' అని నివేదిక పంపింది.

దాంతో మా ఊరికి దంతసంపద పరిరక్షణాధికారి అనే కొత్త ఉద్యోగి వచ్చాడు. పేరు కాశీవరప్రసాదం. మంచి మనిషి. లంచం ముట్టడు. అందరికంటే ముందే ఆఫీసుకొచ్చి, పాపం, తాళం చెవి కోసం మెట్లమీద కూర్చునేవాడు. ఆయనకున్న వ్యసనమల్లా ఉత్తర్వులు రాయడం. వచ్చిన వారంలోనే ఒకటి రాశాడు.

'ఉచితముగా పంపిణీ చేయబడిన దంతములు ప్రభుత్వ ఆస్తి అయి ఉన్నవి. కావున లబ్ధిదారులు వాటిని అహర్నిశలు నోటియందే ధరించి ఉండవలెను. నోటి వెలుపల కనుగొనబడిన దంతములు ఎవరి స్వాధీనమున ఉన్నచో వారే దుర్వినియోగమునకు బాధ్యులు.'

'అహర్నిశలు' అన్న మాటంటే ఆయనకు ప్రత్యేకమైన ఇష్టం. పగలూ రాత్రీ రెండూ ఒక్క మాటలో పట్టేశాయి కదా అని గుమాస్తాకు చదివి వినిపించాడు. ఆ ఫైలు మీద 'విషయము: ప్రభుత్వ ఆస్తి, పన్ను' అని ఉండడంతో అది ముందు ఆస్తిపన్ను విభాగానికి వెళ్లి, బకాయిలు వెంటనే చెల్లించవలెనని రాయించుకుని మరీ తిరిగొచ్చింది. అది వేరే సంగతి.

ఉత్తర్వును ఊరికి చాటే పని బలుసు గవర్రాజుది.

గవర్రాజును ఎరగనివాళ్లు సీతాలంకలో లేరు. ఆటో మీద రెండు మైకులు కట్టుకుని, ఒక చేత్తో హ్యాండిలూ ఇంకో చేత్తో మైకూ పట్టుకుని తిరుగుతాడు. కుళాయిలు రాకపోయినా, సర్కస్ వచ్చినా, ఎవరైనా పోయినా మాకు ముందు తెలిసేది గవర్రాజు గొంతులోంచే. కానీ చుట్ట అలవాటు వల్ల పళ్లు ఒక్కొక్కటే రాలిపోయి, మాట కాస్తా గాలి అయిపోయింది. ఒకసారి 'శనివారం సాయంత్రం సంతమైదానంలో సంస్మరణ సభ' అని చెప్పుకుంటూ వెళ్తే, జనం అది గాలివాన హెచ్చరిక అనుకుని దండేల మీద బట్టలన్నీ తీసేసుకున్నారు. సభకు ఒక్కరూ వెళ్లలేదు.

ప్రభుత్వ పళ్లు వచ్చాక గవర్రాజు మళ్లీ మనిషయ్యాడు. శకారం, షకారం, సకారం మూడూ వేటికవి విడివిడిగా మోగాయి. మొదటిరోజు పనేమీ లేకపోయినా ఊరంతా తిరిగి, "హలో, హలో, మైకు టెస్టింగ్" అని చెప్పుకున్నాడు. అలాంటివాడు ఉత్తర్వును ఎంత మనసుపెట్టి చదివుంటాడో వేరే చెప్పాలా? 'అహర్నిశలు' దగ్గర ఆటో ఆపి మరీ చదివాడు.

ఊరందరికీ చెప్పినవాడు తను పాటించకపోతే ఎలా? గవర్రాజు పళ్లు తీయడం మానేశాడు. పళ్లతోనే తిన్నాడు, పళ్లతోనే పడుకున్నాడు. తీసి కడుగుదామన్నా కడిగేటప్పుడు అవి నోటి వెలుపల ఉంటాయి కదా అని భయపడి, పుక్కిలించి ఊరుకున్నాడు. కొన్ని నెలలు గడిచాయి.

ఒకరోజు మధ్యాహ్నం అచ్చియ్యమ్మ చేపల పులుసు పెట్టింది. అచ్చియ్యమ్మ గవర్రాజు భార్య. గవర్రాజు ముద్ద నోట్లో పెట్టుకుని, ఠక్కున లేచి పెరట్లోకి పరిగెత్తాడు.

"ఏటయ్యా, ముల్లుగానీ గుచ్చుకుందా?"

"ముల్లు కాదే. కారం. నిప్పు కణిక పెట్టినట్టుంది."

"ఎప్పుడేసే కారమే కదా వేశాను! ఏదీ, నోరు తెరు." పెదాల మూలలు పగిలి ఎర్రగా ఉండడం చూసింది. "ఓరి దేవుడో. ఆ పళ్లు తియ్యవయ్యా ముందు."

"తియ్యకూడదే. ప్రెబుత్వం ఆస్తి."

"పళ్లు ప్రెబుత్వానివైతే అయ్యాయి. నోరు నీదే కదా!"

గవర్రాజు పళ్లు తీయలేదు. ఆ పూట మజ్జిగన్నం తిన్నాడు. మర్నాడు అదీ తినలేక గంజి తాగాడు. మాట కూడా ముద్దముద్దగా వస్తోంది. మున్సిపాలిటీవాళ్లు ఇదే అదనుగా ఎవరో పట్నం అమ్మాయి గొంతును రికార్డు చేయించి చెత్తబండికి కట్టారు. ఆ అమ్మాయి మెరకవీధిని 'మేరక వీధి' అంటోంది. అది విన్నప్పుడల్లా గవర్రాజుకు నోటికంటే ఎక్కువగా గుండె మండేది. చివరికి అచ్చియ్యమ్మ పోరు పడలేక ప్రభుత్వాసుపత్రికి వెళ్లాడు.

అక్కడ పళ్ల డాక్టరు కెజియా. వయసు చిన్నదే. మాటా పనీ రెండూ చురుకు. గవర్రాజు కూర్చోగానే రెండు వేళ్లతో పైసెట్టు ఊడదీసింది. గవర్రాజు అదిరిపడి, "అమ్మా, తలుపు! తలుపెయ్యండమ్మా, ఎవరన్నా చూత్తారు!" అన్నాడు.

ఆవిడ లైటు వేసి చూసింది. సెట్టు ఎంతమేర ఆనుతుందో సరిగ్గా అంతమేర అంగిలి ఎర్రగా కందిపోయి ఉంది. అక్కడక్కడా తెల్లగా పొర.

"ఎప్పుడు తీశారండీ దీన్ని?"

"ఇప్పుడు మీరు తీసిందేనండి."

"అయ్యో! ఇది ఫంగస్ బాబాయ్‌గారూ. గాలి తగలక, కడగక, తడితడిగా ఉండి కింద పెరిగిపోయింది. పెద్ద జబ్బేం కాదు. ఈ చుక్కలు రోజూ వేసుకోండి. తిన్నప్పుడల్లా సెట్టు తీసి మెత్తటి బ్రష్షుతో కడగండి. రాత్రి పడుకునేముందు తీసేసి గ్లాసుడు నీళ్లలో వేసి ఉంచండి. అసలు పుండు మానేదాకా వేసుకోకపోతే మరీ మంచిది. సుగరు కూడా ఒకసారి చూద్దాం."

"రాత్రి తియ్యకూడదండమ్మా."

"ఎవరు చెప్పారు?"

"నేనేనండి. మైకులో."

కెజియా నవ్వాలో కోప్పడాలో తేలక చూస్తుండగానే గవర్రాజు సెట్టు తీసుకుని మళ్లీ నోట్లో పెట్టేసుకున్నాడు. తర్వాత కాశీవరప్రసాదానికి ఒక కాగితం రాసింది. ఫలానా రోగికి ప్రభుత్వ పళ్ల సెట్టు కింద శిలీంధ్రం పెరిగింది, చికిత్స కోసం రాత్రిళ్లు సెట్టు తీయడానికి అనుమతి ఇవ్వాలి అని. అంతే రాసింది, పాపం. ఆ నాలుగు ముక్కలు ఎక్కడికి దారితీస్తాయో ఆవిడకేం తెలుసు?

కాశీవరప్రసాదం ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. 'ప్రభుత్వ సెట్టు కింద పెరిగింది' అన్నచోట ఎర్రగీత గీశాడు. కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చాడు. ఆయన పూర్వం రెవెన్యూలో చేశాడు. ప్రభుత్వ ఆస్తి కింద, ప్రభుత్వ అనుమతి లేకుండా, ప్రభుత్వానికి సంబంధించని ఒక ప్రాణి స్థిరనివాసం ఏర్పరచుకుంటే దాన్ని ఏమంటారో ఆయనకు బాగా తెలుసు.

"ఆక్రమణ," అన్నాడు.

డాక్టరును పిలిపించాడు. "మేడమ్, మీరు దీన్ని వ్యాధి అనుకుంటున్నారు. మా దృష్టిలో ఇది అనధికార ఆక్రమణ. సర్వే జరగాలి, నోటీసు ఇవ్వాలి, విచారణ జరపాలి. అంతవరకు యథాతథ స్థితి. పళ్లు కదపరాదు, మందు వేయరాదు."

"మందు కూడానా? మందుకేమైందండీ?"

"విచారణ పూర్తికాకుండా మందు వేస్తే అవతలి పక్షాన్ని ఏకపక్షంగా ఖాళీ చేయించినట్టవుతుంది. సహజన్యాయ సూత్రాలకు విరుద్ధం. రేపు ఎవరైనా అడిగితే?"

"ఎవరడుగుతారండీ? ఫంగసా?"

"ఎవరైనా," అన్నాడు కాశీవరప్రసాదం గంభీరంగా.

సర్వేయరు జోగారావు గొలుసూ కర్రలూ పట్టుకుని గవర్రాజు ఇంటికొచ్చాడు. గొలుసు నోట్లో పట్టదని తేలాక, అచ్చియ్యమ్మ దగ్గర రవికల టేపు అరువు తీసుకున్నాడు. గవర్రాజును అరుగు మీద కూర్చోబెట్టి నోరు తెరవమని హద్దులు రాయడం మొదలుపెట్టాడు. ఉత్తరం: పై పెదవి. దక్షిణం: కొండనాలుక. తూర్పు: కుడి దవడ. పడమర: ఎడమ దవడ. ఇంతలో వీధిలో ఎవరో పలకరిస్తే గవర్రాజు అటు తిరిగాడు.

"కదలకండి బాబూ!" అని అరిచాడు జోగారావు. "తూర్పు మారిపోతోంది!"

చివరికి ఆయన ఇచ్చిన నివేదిక ఇది: 'అంగిలి లబ్ధిదారుని సొంత జిరాయితీ. దానిపై గల దంతములు ప్రభుత్వానివి. సదరు ఆక్రమణ ఈ రెంటి సరిహద్దునందు ఉన్నట్లు చెప్పబడుచున్నది. ప్రభుత్వ ఆస్తిని కదపరాదు గనుక ఆక్రమణ కంటికి కానరాలేదు. అయితే అది ఉన్నదని లబ్ధిదారుడు కేకలు వేయుచున్నాడు.'

సర్వే అయ్యాక బహిరంగ ప్రకటన ఇవ్వాలి. బహిరంగ ప్రకటన అంటే మా ఊళ్లో గవర్రాజే. పాపం ఆ కాగితం ఆయన చేతికే వచ్చింది. నోరు మండుతున్నా, చెత్తబండి మీది గొంతుకు ఆ పని ఇవ్వడం ఇష్టంలేక ఆటో తీశాడు.

"సీతాలంక పుర ప్రజలకు తెలియజేయడమేమనగా! బలుసు గవర్రాజు అనువాని అంగిటి యందు, ప్రభుత్వ దంతముల కింద, శిలీంధ్రము అక్రమముగా కాపురముండుట మా దృష్టికి వచ్చినది! సదరు స్థలముపై హక్కుగానీ, అభ్యంతరముగానీ గలవారు..."

మెరకవీధిలో ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. "ఏంటి గవర్రాజూ, ఆ గవర్రాజంటే నువ్వే కదా?" అని అడిగింది ఒకావిడ.

గవర్రాజు మైకును పక్కకు తిప్పి, "నేనేనండి," అని మెల్లగా చెప్పి, మళ్లీ మైకులోకి, "అనువాని అంగిటి యందు!" అన్నాడు.

అభ్యంతరాలు రాలేదు కానీ, జనం వచ్చారు. 'మా ఆయన నోరు కూడా అలాగే ఎర్రగా ఉంది', 'మా అత్తగారికి పచ్చడి నోట పెట్టలేకుండా ఉంది' అంటూ ఇంటివాళ్లు తీసుకురాగా కెజియా గది ముందు ముసలివాళ్లు బారులు తీరారు. నియమం పాటించిన ప్రతివాళ్ల నోట్లోనూ ఫంగస్ ఉంది. దేవుడి గూట్లోనూ బియ్యం డబ్బాలోనూ దాచుకున్నవాళ్లు మాత్రం హాయిగా ఉన్నారు. ఈ వార్త విని కాశీవరప్రసాదం ఉలిక్కిపడ్డాడు. నియమం గురించి కాదు. "ఇది ఒక్క నోటితో ఆగిన వ్యవహారం కాదు. వ్యవస్థీకృత ఆక్రమణ," అని, దంత ఆక్రమణల నిరోధక దళం ఏర్పాటుకు పైకి ప్రతిపాదన పంపాడు.

ఇక నోటీసు. అవతలి పక్షానికి నోటీసు చేతికివ్వడం కుదరదు. అలాంటప్పుడు 'ఆక్రమిత స్థలమునకు అతి సమీపమున గల బహిరంగ ప్రదేశమున అతికించవలెను' అని నిబంధన. అటెండరు సింహాద్రి జిగురు డబ్బా పట్టుకొచ్చి, ఆ స్థలానికి అతి సమీపాన ఉన్న బహిరంగ ప్రదేశం ఏదా అని చాలాసేపు ఆలోచించి, "ఏమనుకోకు మావా," అంటూ గవర్రాజు చెంపకు నోటీసు అంటించి వెళ్లాడు. అచ్చియ్యమ్మ తడిగుడ్డతో తుడుస్తుంటే కాగితం వచ్చింది గానీ పురపాలక సంఘం ముద్ర చెంప మీదే ఉండిపోయింది.

"ఇంకా ఎన్నాళ్లయ్యా ఈ బాగోతం?" అంది. ఈసారి గొంతులో కోపం లేదు. గంజి కూడా తాగలేక గవర్రాజు సగానికి సగం చిక్కిపోయాడు. రాత్రి నిద్దట్లో మూలుగుతున్నాడు.

"ఇచారణ అయిపోతే తియ్యనిత్తారే," అన్నాడు గవర్రాజు.

విచారణ రోజున ఆఫీసు నిండిపోయింది. కాశీవరప్రసాదం ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నాడు. కెజియా కూడా వచ్చి గోడవారగా నిలబడింది. సింహాద్రి గుమ్మంలోకి వెళ్లి వీధివైపు తిరిగి కేక వేశాడు.

"శిలీంధ్రం హాజర్!"

మూడుసార్లు పిలిచాడు. అందరూ గవర్రాజు నోటివైపు చూశారు. గవర్రాజు నోరు గట్టిగా మూసుకున్నాడు.

"ప్రతివాది పిలిచినా పలకలేదు. హాజరు కాలేదు. మరొక అవకాశం ఇస్తూ విచారణ వచ్చే నెలకు వాయిదా," అని కాశీవరప్రసాదం కలం తీశాడు.

"వచ్చే నెలా?" అంది కెజియా. "ఆయన గంజి కూడా మింగలేకపోతున్నారండీ!"

"మేడమ్, దయచేసి ప్రతివాది తరఫున మాట్లాడకండి."

"నేను మాట్లాడుతున్నది మనిషి తరఫునండీ!"

ఈ గొడవలో గవర్రాజు లేచిన సంగతి ఎవరూ గమనించలేదు. ఆయన బల్ల దగ్గరికి వచ్చాడు. అప్పుడు రెండు చేతులూ నోటికి ఎత్తి, కిందిసెట్టూ పైసెట్టూ తీసి, భుజం మీది తువ్వాలుతో శుభ్రంగా తుడిచి, ఫైలు మీద పెట్టాడు. దవడలు లోపలికి పోయి, ముఖం ఒక్కసారిగా పదేళ్లు ముసలిదైంది.

"మీ ఆస్తండి," అన్నాడు. సగం గాలే. అయినా అందరికీ అర్థమైంది. "మీ దగ్గిరే ఉంచుకోండి. నా నోరు నాకిచ్చెయ్యండి."

నమస్కారం పెట్టి బయటికి నడిచాడు. ఆటో స్టార్టయిన చప్పుడు వినిపించింది. జనం కూడా మెల్లగా కదిలారు. వెళ్తూ వెళ్తూ మెరకవీధి ముసలమ్మ ఒకసారి వెనక్కి తిరిగి, "నీ దగ్గిరైతే బద్రంగా ఉంటాయిలే నాయనా," అంది కాశీవరప్రసాదంతో.

గది ఖాళీ అయ్యాక కాశీవరప్రసాదం ఆ పళ్లవైపు చూస్తూ ఉండిపోయాడు. అవి నోటి వెలుపల ఉన్నాయి. తన స్వాధీనంలో ఉన్నాయి. తన ఉత్తర్వు తీసి మళ్లీ చదివాడు. 'ఎవరి స్వాధీనమున ఉన్నచో వారే దుర్వినియోగమునకు బాధ్యులు.' నిజాయితీపరుడు కదా, తనకు తనే సంజాయిషీ తాఖీదు రాసుకుని, అందినట్టు సంతకం చేశాడు. తర్వాత పైవాళ్లకు ఫోన్ చేశాడు. 'తదుపరి ఉత్తర్వుల వరకు దంతములను ఏదేని ఒక నోటియందు భద్రపరచండి' అని జవాబొచ్చింది. సింహాద్రి నోట్లో ప్రయత్నించబోయారు. వాడికి ముప్ఫై రెండూ ఉన్నాయి. గుమాస్తా దవడ చిన్నది. కాపలాదారు విషయం తెలిసి ముందే సెలవు పెట్టాడు.

సాయంత్రం చీకటి పడబోతుండగా కాశీవరప్రసాదం గవర్రాజు ఇంటికి నడిచొచ్చాడు. పళ్లు జేబురుమాలులో చుట్టి ఉన్నాయి. గవర్రాజు అప్పటికే మందు చుక్కలు వేసుకుని, మంచం మీద వెల్లకిలా పడుకుని, చాలాకాలం తర్వాత నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

"అమ్మా, ఒక్కసారి వేసుకోమని చెప్పండి. నా ఉద్యోగం," అన్నాడు కాశీవరప్రసాదం.

"వేసుకోడు బాబూ. పుండు మానాలి," అంది అచ్చియ్యమ్మ. అని, స్టీలు గ్లాసుడు నీళ్లు తెచ్చి అరుగు మీద పెట్టింది. "ఇందులో వేసెయ్యండి. డాట్రమ్మగారు చెప్పింది ఇదే కదా."

"ఇది నోరు కాదమ్మా."

"అయితే మీ చేతిలోనే పట్టుకు కూచోండి."

కాశీవరప్రసాదం అరుగు మీద కూర్చుని గ్లాసుకేసి చూశాడు. పైన తెరిచి ఉంది. నీళ్లు పోస్తే పడుతున్నాయి. లోపల తడిగా ఉంది. ఉత్తర్వులో నోరు అన్నాడే గానీ, నోరంటే ఏమిటో ఎక్కడా నిర్వచించలేదని ఆయనకు తట్టింది. జేబులోంచి కాగితం తీసి, మోకాలి మీద పెట్టుకుని రాశాడు.

'రాత్రివేళలయందును, వైద్యుల సలహా గల ఇతర వేళలయందును, లబ్ధిదారుని గృహమునందలి నీటి గ్లాసును సదరు లబ్ధిదారుని అనుబంధ నోరుగా పరిగణించవలెను.'

సంతకం పెట్టి, తేదీ వేసి, పళ్లను గ్లాసులోకి జారవిడిచాడు.

ఆ ఒక్క కాగితంతో ఊరు బాగుపడింది. ముసలివాళ్లందరూ రాత్రిళ్లు పళ్లు తీశారు, కడిగారు, చుక్కలు వేసుకున్నారు. కెజియా గది ముందు బారు తగ్గింది. గవర్రాజు అంగిలి మానింది. పుండు మానాక సెట్టు సరిచేయించుకుని, మళ్లీ మైకు పట్టాడు. చెత్తబండి మీది అమ్మాయి గొంతును జనమే గోల చేసి తీయించారు. గ్లాసులకు నంబర్లు వేయడానికి జోగారావు ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. ఆక్రమణ కేసు మాత్రం మూయలేదు. ప్రతివాది స్థలం ఖాళీ చేసి పరారీలో ఉన్నందున ఫైలు పెండింగులో ఉంది.

అవన్నీ తర్వాతి సంగతులు. ఆ సాయంత్రం సంతకం అయ్యాక, పొద్దున్నించీ ఏమీ తినలేదని ముఖం చూసి గ్రహించిన అచ్చియ్యమ్మ, కాశీవరప్రసాదానికి పెరుగన్నం కలిపి పక్కన మాగాయ ముక్క వేసి ఇచ్చింది. ఆయన మొహమాటపడుతూనే తీసుకున్నాడు. మాగాయ అలా నాలిక్కి తగిలిందో లేదో, కళ్లమ్మట నీళ్లు బొటబొటా కారాయి.

అచ్చియ్యమ్మ దీపం దగ్గరికి జరిపి ఆయన పెదాల మూలల్లోకి చూసింది.

"అయ్యో! మీకూనా బాబూ?"

కాశీవరప్రసాదం కళ్లు తుడుచుకున్నాడు.

"ప్రభుత్వానివి కావమ్మా. సొంత డబ్బుతో కట్టించుకున్నవే," అన్నాడు చివరికి. "కానీ నియమం పెట్టినవాణ్ణి నేనే తీస్తే ఎలా ఉంటుంది?"

"రాత్రిళ్లు కూడానా?"

"అహర్నిశలు," అన్నాడు ఆయన. ఈసారి ఆ మాట పలకడం ఆయనకు కష్టమైంది. వీధిలోకి అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. గొంతు తగ్గించి అడిగాడు:

"ఇంకో గ్లాసుందా అమ్మా?"